ఉప్పుచెయ్యి

"ఇయ్యాల కూడా ఉప్పే," అని కన్నమ్మ చారు గిన్నెను రెండు వేళ్ళతో పక్కకి నెట్టింది.

నాగవల్లి పొయ్యి దగ్గర నిలబడి ఆ గిన్నె వంక చూసింది. అందులో ఉప్పు లేదు. ఇవాళే కాదు, పదకొండు రోజులుగా ఆ ఇంట్లో చారులోకి గాని, పప్పులోకి గాని ఆమె ఒక్క రవ్వ ఉప్పు వేయలేదు. మొదటిరోజు మరిచిపోయింది. రొయ్యల షెడ్డుకి వేళైపోతోందని హడావుడిగా దించేసి, మూత పెట్టేసి పరుగెత్తింది. షెడ్డులో బూట్లు తొడుక్కుంటుంటే గుర్తొచ్చింది. ఇవాళ అత్త చప్పటి చారు తాగి ఎన్ని మాటలంటుందోనని మధ్యాహ్నం దాకా బెదురుగానే ఉంది. తీరా ఇంటికొచ్చేసరికి ఎప్పుడూ అనే మాటే అంది. "ఉప్పు." గిన్నె తోముతున్న నాగవల్లి చేయి ఆగిపోయింది. మర్నాటి నుంచి మరిచిపోకుండా మానేసింది.

"నీళ్ళు అయ్యే, సింతపండు అదే. ఈ ఇంట్లో సెయ్యొక్కటే మారినాది," అంది కన్నమ్మ, మజ్జిగ కలుపుకుంటూ. "మీ మావగారు బతికుండగా మా సారు తాగడానికి తోట ఆఫీసులో లెక్కలు రాసే కిరాణి సైకిలేసుకొని వచ్చేవోడు."

ఉప్పుచెయ్యి. ఆ పేరు అత్త పెట్టిందే. మొదట వంటింట్లో అనేది. తరవాత గడప దాటింది. ఎవరింట్లో పెళ్ళి వంటలైనా, "మా కోడలికి మాత్రం గరిటియ్యకండి, సముద్రం తెచ్చి పోస్తాది," అని అందరూ నవ్వేలా అనేది. నాగవల్లి కూడా నవ్వేది. నవ్వకపోతే ఉడుకుమోతుదని ఇంకో పేరు పెడతారు. మొగుడు కిశోర్‌కుమార్ నవ్వేవాడు కాదు, అడ్డమూ వచ్చేవాడు కాదు. పళ్ళెంలో ఇంకో గరిటెడు అన్నం వేసుకుని చారులో ఉప్పు విరిగేలా కలుపుకుని, తలొంచుకుని తినేసేవాడు. "దించేముందు ఓపాలి నాలిక మీదేసుకో వల్లీ, అంతే గదా," అనేవాడు లేచి చెయ్యి కడుక్కుంటూ. ఇంట్లో మంచినీళ్ళు తాగేవాడు కాదు. "తాగే వచ్చినాను లా," అనేవాడు, అక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర లా తగిలించి.

మలేషియా తీరాన హుటాన్ మెలింటాంగ్‌లో నది సముద్రంలో కలిసేచోటికి మూడు మైళ్ళు ఎగువన, పాత కొబ్బరితోట అంచున వాళ్ళ లైను, అంటే ఇళ్ళ వరస, ఉంది. పద్నాలుగు ఇళ్ళు. తోట అమ్ముడుపోయి కూలీలను పొమ్మన్నప్పుడు బంగారయ్య, అంటే నాగవల్లి మామగారు, అక్కడే తుమ్మచెక్క పోగేసి నాలుగు గోడలు నిలబెట్టుకున్నాడు. ఇల్లు కట్టకముందే బావి తవ్వాడు. ఒక్కడే తవ్వాడు. కన్నమ్మ పైనుంచి బుట్టతో మట్టి లాగింది. పద్దెనిమిది అడుగుల్లో తియ్యటి నీళ్ళు పడ్డాయి. నదీ ముఖం దగ్గర, అంత లోతులో తీపి నీళ్ళు పడటం వింత. లైనంతా ఆ నీళ్ళే మోసుకెళ్ళేది. టీ కొట్టు చైనావాడు కూడా ఆ నీళ్ళకే మనిషిని పంపేవాడట. కన్నమ్మ కడుపుతో ఉన్నప్పుడు తొమ్మిది నెలలూ ఆ నీళ్ళే తాగింది. కిశోర్ నాలుగు కిలోలు పుట్టాడు. అప్పట్నించీ లైనులో ఎవరికి అయిదో నెల వచ్చినా, జీలకర్ర వేసి కాచిన బంగారయ్య బావి నీళ్ళు కానుపు దాకా వాళ్ళింటికి వెళ్ళాలి. అదొక ఆనవాయితీ అయిపోయింది. చీర పెట్టినా పెట్టకపోయినా, గాజులు తొడిగినా తొడక్కపోయినా, నీళ్ళు మాత్రం వెళ్ళాలి. మోసేది ఆ ఇంటి కోడలు.

తరవాత ప్రభుత్వం కుళాయి వేసింది. గొట్టం చివరి ఇల్లు కావడంతో సన్నగా, బొట్లుగా వచ్చేది. "మందు కంపు," అనేది కన్నమ్మ. కుళాయి నీళ్ళు బట్టలకీ స్నానాలకీ. వంటకీ తాగడానికీ దేవుడికీ బావి నీళ్ళే. ఒకసారి నాగవల్లి అన్నం కుళాయి నీళ్ళతో వండితే ఆ ముసలమ్మ రెండు పూటలు పళ్ళెం ముట్టుకోలేదు. గుమ్మంలో కూచుని దారినపోయేవాళ్ళకి చెప్పుకుంది.

నాగవల్లి చదివింది ఆరో తరగతి. కానీ ఆమె కళ్ళు ఊరుకునేవి కావు. ఏడాదిన్నరగా ఆమె ఒక్కొక్కటే చూస్తూ వచ్చింది. సబ్బు నురగ రావడం మానేసింది. పప్పు ఎంత ఉడికినా పలుకు విరగదు. పెరట్లో కరివేపాకు ఆకులు కొసల నుంచి ఎర్రగా కాలిపోతున్నాయి, ఎండకి కాదు, వేరు నుంచి వచ్చిన కాలుడది. నది కట్ట పక్కన కొబ్బరిచెట్లు పైనుంచి చస్తున్నాయి. ముందు మొవ్వ వాలుతుంది, తరవాత తల ఊడి పడుతుంది, మొండెం మాత్రం నిటారుగా నిలబడి ఉంటుంది. పోటు పెద్దదైన రోజు, పున్నమికీ అమావాస్యకీ, బావిలో నీళ్ళు ఒక చెయ్యి పైకొస్తాయి. ఆ నీళ్ళు తోడిన బిందె ఆరాక లోపల తెల్లటి చార. ఆమె వేలితో గీకి నాలుక మీద వేసుకునేది. అది ఏమిటో నాలుక చెప్పేది. ఆమె విననట్టు ఉండేది. బంగారయ్య బావి ఉప్పైందని ఆ ఇంట్లో అనడమంటే, చచ్చిపోయిన మనిషి తలమీద చెప్పుతో కొట్టడం లాంటిది. పైగా అత్త నోటితో అంతమందిలో అన్నమాట, చెయ్యిదే తప్పు అని, ఆమె లోపల కూడా సగం నిజమై కూచుంది. రోజూ అంటే ఎవరికైనా కూచుంటుంది. అందుకే ఆ పదకొండు రోజులు. తన చేతిని తానే కాపలా కాసుకుంది.

ఉప్పు సంగతి చారుతో పోయేదైతే ఆమె అంత పట్టించుకునేది కాదు.

రెండేళ్ళ కిందట ఆమెకు కడుపు నిలిచింది. పెళ్ళయిన ఏడేళ్ళకి. అయిదో నెలలో జీలకర్ర నీళ్ళు మొదలైనాయి. మొదటిసారి ఆ నీళ్ళు ఎవరికో మోయడం కాకుండా తాను తాగింది. కన్నమ్మ దగ్గర కూచుని తాగించేది, లోటా ఖాళీ అయ్యేదాకా లేవనిచ్చేది కాదు. ఆరో నెలకి కాళ్ళు వాచాయి. క్లినిక్కులో మిస్సీ, అంటే నర్సు, బీపీ చూసి ఉప్పు మానెయ్యమంది. మానేసింది. మళ్ళీ వెళ్తే బీపీ ఇంకా పెరిగింది. "ఎండుచేపలు తింటున్నావా? ఊరగాయ?" అని మిస్సీ అడిగింది. లేదంది. మిస్సీ నమ్మలేదని ఆవిడ కళ్ళల్లో కనపడింది. బయట బెంచీ మీద కిశోర్, "నిజం సెప్పొచ్చు గదా వల్లీ, దాచుకోడం దేనికి," అన్నాడు. ఏడో నెల నడుస్తుండగా ఒకరోజు కళ్ళ ముందు వెలుతురు చీలికలుగా కనపడింది. తరవాత తెలివి వచ్చేసరికి తెలుక్ ఇంతాన్ ఆసుపత్రి. ఆడపిల్ల. తల నిండా జుట్టు ఉందట. చూపించమంటే వద్దన్నారు, ఆమే గట్టిగా అడిగి చూసింది.

ఇంటికొచ్చాక అత్త ఊరగాయ జాడీ మూత తీసి వీధిలోకి పట్టుకొచ్చి, ఎంత తగ్గిందో చుట్టుపక్కలవాళ్ళకి చూపించింది. "నాలిక కట్టుకోలేక బిడ్డని మింగినాది." ఆ జాడీ తగ్గింది కిశోర్ తింటేనే. అతనూ అక్కడే నిలబడి ఉన్నాడు.

ఆ మాట నాగవల్లి రెండేళ్ళు మోసింది. షెడ్డులో రొయ్యల తలలు తుంచేటప్పుడు, ఐసు పార పట్టుకున్నప్పుడు, బట్టలు పిండేటప్పుడు ఒకటే లెక్క: ఆ నెలల్లో ఏం తిన్నాను. ఒక మంగళవారం షెడ్డులో పక్కన పనిచేసే చంద్ర పెట్టిన వేపుడు కారప్పూస పిడికెడు తిన్నది గుర్తుంది. అదేనేమో. దానికే పోయిందేమో.

*

చారు గిన్నె పక్కకి నెట్టిన ఆ మార్చి మధ్యాహ్నమే, కన్నమ్మ నడుం వాల్చిన వేళ, గేటు దగ్గర ఒక అమ్మాయి పిలిచింది. వీపుకి సంచీ, చేతిలో అట్ట, మెడలో చిన్న సిలువ.

"ఆంటీ, వెల్ వాటర్ టెస్టు చెయ్యడానికి వచ్చినాం. సైబర్‌జయ యూనివర్సిటీ నించి," అంది మలాయ్‌లో. నాగవల్లి వెనక్కి తిరిగి గొణిగిన తెలుగు ముక్క విని, "అయ్యో, మీరు తెలుగా," అని నవ్వింది. "నేను క్యారల్ అక్కా. నా తెలుగు కొంచెం మోసం, అంటే బాగోదు లా. మా అమ్మమ్మ తోటలో పుట్టినాది, ఆమె బాగా మాట్లాడతాది. నాకు వింటే అర్థం ఔతాది, నోట్లోంచి రాదు."

"వస్తున్నాది గదా," అంది నాగవల్లి.

బావి దగ్గర క్యారల్ ఒక గ్లాసులో నీళ్ళు తీసి, పెన్నులాంటి మీటరు ముంచింది. అంకెలు ఎక్కి, ఎక్కి, ఆగాయి. ఆ పిల్ల మొహంలో నవ్వు పోయింది. అట్ట మీద కాగితంలో ఒక గడి మీద వేలు పెట్టి, "తాగే నీళ్ళు ఇక్కడ ఉండాల," అంది. వేలిని జరుపుకుంటూ గడులన్నీ దాటించి, కాగితం అంచు దాకా తెచ్చి, అక్కడ ఆపింది. "మీది ఇక్కడ."

నాగవల్లి ఆ వేలి వంకే చూసింది. "అంటే నా సెయ్యి గాదు," అంది మెల్లిగా.

"సెయ్యా? ఏం సెయ్యి అక్కా?"

"ఏటి నేదు. ఎక్కడినించి వచ్చినాది ఈ ఉప్పు? సముద్రం మూడు మైళ్ళుంది."

క్యారల్ సంచీ దించి బావిగట్టు మీద కూచుంది. సగం తెలుగు, సగం తమిళం, మిగతా ఇంగ్లీషుతో చెప్పింది. నేల మీద సముద్రం మూడు మైళ్ళు. నేల కింద అంత దూరం లేదు. సముద్రం ఎత్తు పెరిగితే, కింద ఇసకలోంచి ఉప్పునీళ్ళు తీపినీళ్ళను తోసుకుంటూ లోపలికి వస్తాయి. ఎండలకి నదిలో నీళ్ళు తగ్గితే పోటు నదిలోకి ఇంకా పైకి ఎక్కుతుంది. "మరి సముద్రం ఎందుకు పెరుగుతున్నాది?" అని నాగవల్లి అడిగితే ఫోనులో ఒక బొమ్మ చూపించింది. తెల్లగా, అక్కడక్కడ నీలంగా పగుళ్ళు. కొండ కాదు, నది కాదు. నదిలా పాకే కొండ. "ఉత్తరాన అక్కా, చాలా ఉత్తరాన. గ్రీన్‌లాండ్ అంటారు. ఈ మంచు ఎన్నో వేల ఏళ్ళది. భూమి వేడెక్కి కరుగుతున్నాది, సముద్రంలో పడుతున్నాది. అన్ని చోట్లా ఒకేలాగ పెరగదంట. మంచుకి దగ్గర ఉన్నోళ్ళకి తక్కువంట, దూరంగా ఉన్న మనకి ఎక్కువంట."

"కరిగించినోళ్ళకి?"

క్యారల్ ఫోను సంచీలో పెట్టేసుకుంది.

ఐసు నాగవల్లికి కొత్త కాదు. రోజుకి ఎనిమిది గంటలు ఆమె చేతులు ఐసులోనే ఉంటాయి. మిషను నలగగొట్టిన ఐసును పారతో ఎత్తి రొయ్యల పెట్టెలో ఒక వరస, రొయ్యలు ఒక వరస. మధ్యాహ్నానికి వేళ్ళు వేరేవాళ్ళవైపోతాయి. కరిగిన ఐసు సిమెంటు నేల మీద ఎటు పారుతుందో ఆమెకు బాగా తెలుసు. పెట్టెలు పేర్చిన ఎత్తులోకి పోదు, యజమాని తవుకే కూచునే కుర్చీ వైపు పోదు, అక్కడ గట్టు కట్టారు. పల్లంలో నిలబడి పనిచేసే ఆడవాళ్ళ బూట్ల కిందికే వస్తుంది. ఇప్పుడు ఈ మంచు. ఏనాడూ చూడనిది, పేరు పలకలేనిది, ఎవరి కార్లకో ఎవరి చల్లటి గదులకో కరిగి, ఎన్ని దేశాలు దాటుకుని, ఎవరి గుమ్మమూ తొక్కకుండా తిన్నగా వచ్చి తన చారు గిన్నెలో పడింది. పడి తన చేతికి పేరు తెచ్చింది. ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఇంకోటి అయిపోయింది. చెంగు నోట్లో కుక్కుకుంది. జాడీ గుర్తొచ్చింది. పిడికెడు కారప్పూస గుర్తొచ్చింది. నేను కాదు తల్లీ, నేను కాదు, అని ఎవరితోనో అంది లోపల. తల నిండా జుట్టున్న ఆ చిన్న మొహంతో.

క్యారల్ గాబరాగా ఆమె భుజం పట్టుకుంది. ఏం చెయ్యాలో తోచక అట్టలో కాగితాలు తిరగేసింది. "కానీ అక్కా, మీకు ముందే సెప్పినాం కదా. ఈ బావికి ఇది రెండో టెస్టు. కిశోర్‌కుమార్ అంటే ఎవరు?"

"మా ఇంటాయన."

"రెండేళ్ళ ముందు మా వాళ్ళు జెట్టీ దగ్గర క్యాంపు పెట్టినారు. ఇంటి నీళ్ళు బాటిల్లో తెమ్మన్నారు. ఆయన తెచ్చినారు. సొంతంగా. చూడండి, సంతకం. రిజల్టు పేపరు తీసుకున్నారు అని." ఆ పిల్ల అమాయకంగా వేలు పెట్టి చదివింది. "అప్పుడే తాగకూడదు అని రాసి ఇచ్చినాం. ఇదిగో, తమిళంలో కూడా ఉంది. గర్భిణులు అసలు తాగకూడదు అని."

"ఏ నెల?"

"మార్చి."

మార్చి అంటే అయిదో నెల. లోటా ఖాళీ అయ్యేదాకా అత్త పక్కనే కూచున్న నెల.

*

కిశోర్ పొద్దువాలే వేళకి వచ్చాడు. అతను జెట్టీలో రాజన్ వర్క్‌షాపులో పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. పెరటి కుళాయి దగ్గర కూచుని, చేతుల గ్రీజుకి సబ్బుపొడి పట్టిస్తున్నాడు. నాగవల్లి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"బాటిల్లో మన బావి నీళ్ళు పట్టికెళ్ళినావంట, రెండేళ్ళ కింద."

అతని చేతులు ఆగలేదు. కొంచెం నెమ్మదించాయి. "ఎవులు సెప్పినారు?"

"నీ సంతకం సెప్పినాది."

కుళాయి నీళ్ళు సన్నగా కారుతున్నాయి. అతను వేళ్ళ సందుల్లో మళ్ళీ రుద్దుకున్నాడు. "బావి పంపు రెండుసార్లు పోయినాది గదా," అన్నాడు చివరికి. "విప్పి చూస్తే లోపలంతా తిని పారేసినాది. పడవ ఇంజను సూసినట్టే ఉంది. నాకు తెలీదా ఉప్పు తిన్న ఇనుము. అమ్మతో చైనా సరుకన్నాను. అనుమానం తీరక పట్టికెళ్ళినాను."

"పేపరేది?"

"పారేసినాను."

"నేనప్పుడు అయిదో నెల మావా."

"వానలు పడితే తేరుకుంటాది అనుకున్నాను లా. ఒక్క సీజను అనుకున్నాను." అతను తలెత్తలేదు. "అమ్మకి ఏటని సెప్పాల? నాన్న తవ్విన బావి. అదొక్కటే మిగిలినాది ఆవిడికి. సెప్తే పోద్ది."

"నాకు సెప్పొచ్చు గదా."

"నీకు సెప్తే నువ్వు ఊరుకుంటావా? తాగనంటావు. ఎందుకు తాగవని ఆవిడ అడుగుతాది. ఇంట్లో రోజూ గొడవ. నాను పనికెల్లాలా, మీ ఇద్దరి మధ్యన నిలబడాలా?"

"క్లినిక్కు కాడ నన్ను నిజం సెప్పమన్నావు."

అతను చేతులు కడుక్కున్నాడు. కడిగిన చేతులే మళ్ళీ కడుక్కున్నాడు. ఇంట్లో నీళ్ళెందుకు తాగడో ఆమె అడగలేదు. జవాబు అతని మోటర్‌సైకిలుకి వేలాడుతోంది, వర్క్‌షాపులో నింపుకునే అయిదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా. రెండేళ్ళుగా రోజూ చూస్తున్నదే. ఈ మనిషి కొట్టడు, తిట్టడు, తాగడు. షెడ్డులో ఆడవాళ్ళు, "నీకేటమ్మా, బంగారం లాంటోడు," అంటారు. గొడవ లేకుండా బతకడం కోసం ఒక మంచి మనిషి ఎంత దూరం వెళ్ళగలడో ఆమె నిలబడి చూసింది. ఏడో నెల దాకా వెళ్ళగలడు.

గుమ్మంలో అలికిడైంది. కన్నమ్మ ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో, ఎంతసేపటి నుంచి వింటోందో.

కిశోర్ గబుక్కున లేచాడు. "అమ్మా, అదేటి నేదు, ఆ యూనివర్సిటీ వోళ్ళు ఏటేటో..."

"ఊరుకోరా," అంది కన్నమ్మ. మెట్టు మీద మెల్లిగా కూలబడింది. "నాకూ నాలికుంది గదా."

ఇద్దరూ ఆమె వంక చూశారు.

"నలభయ్యేళ్ళు తాగిన నీళ్ళురా. మీ నాన్న కన్నా ముందు నాను తాగినాను, బుట్టలో మట్టితో పాటు లోటా పైకొచ్చినాది. మారితే నాకు తెలీదా?"

"మరి నన్నెందుకత్తా?" అంది నాగవల్లి. "జాడీ వీధిలోకి ఎందుకు తెచ్చినావు?"

ముసలమ్మ మొహంలో కోపం లేదు. సిగ్గూ లేదు. పని చేసి చేసి అలిసిపోయిన మనిషి మొహంలా ఉంది. "నీళ్ళది తప్పంటే ఈ ఇల్లు వొదిలి పోవాల," అంది. "ఎక్కడికి పోతాం? తోట నించి ఓపాలి తోలేసినారు. సముద్రాన్ని ఏటని తిడతాం, అది ఇంటాదా? నీ సెయ్యిదంటే ఇల్లుంటాది."

కొబ్బరిమొండాల వెనక ఎండ పడిపోతోంది. నాగవల్లికి అత్త మీద రావలసిన కోపం ఎంత వెతుక్కున్నా సరిగ్గా చేతికందలేదు. అది అబద్ధమైతే తిట్టవచ్చు. ఆ ముసలిది చెప్పింది లెక్క. ఇల్లు నిలబడాలంటే కింద ఏదో ఒకటి వెయ్యాలి. ఆ ఇంట్లో కింద వెయ్యడానికి పనికొచ్చేది కోడలొక్కతే.

"మరి సెంద్ర?" అంది నాగవల్లి.

నాలుగిళ్ళ అవతల చంద్రకి ఆరో నెల. షెడ్డులో ఆమెకు తోడుగా పనిచేసిన పిల్ల. అయిదువారాలుగా రోజూ పొద్దున్నే స్టీలు క్యాన్లో జీలకర్ర నీళ్ళు వెళ్తున్నాయి.

"కాసి ఇస్తన్నాం గదా," అంది కన్నమ్మ. "ఆపేస్తే లైనంతా అడుగుతాది."

అంతా తెలిసి ఎలా పంపావత్తా అనే మాట నాగవల్లి నాలుక కొస దాకా వచ్చింది. వచ్చి ఆగింది. ఎందుకు ఆగిందో ఆమెకు ఆ క్షణానే తెలిసిపోయింది. కానీ తెల్లారేదాకా దాని వంక చూడకుండా, అంట్లు తోముకుని, పక్కలు వేసి, గోడవైపు తిరిగి పడుకుంది.

*

తెల్లవారాక వంటింటి గట్టు మీద క్యాను సిద్ధంగా ఉంది. కన్నమ్మే లేచి కాచింది. జీలకర్ర వాసన ఇల్లంతా ఉంది. ముసలమ్మ దేవుడి దగ్గర కూచుని ఉంది, వెనక్కి తిరగలేదు. నాగవల్లి క్యానును ముట్టుకోకుండా చెప్పులేసుకుని బయటికి వచ్చింది.

లైను వెంట నడుస్తుంటే ఆమెకు ప్రతి ఇల్లూ కొత్తగా కనపడింది. ఈ ఇంట్లో ఏడాదికిందట కానుపు, పిల్లాడు నెల తక్కువ. ఆ ఇంట్లో కోడలికి రెండుసార్లు పోయింది, పుట్టింటికి పంపేశారు. వాళ్ళకీ ఏదో పేరు ఉండే ఉంటుంది.

చంద్ర మెట్టు మీద కూచుని తల దువ్వుకుంటోంది. ఇరవై రెండేళ్ళ పిల్ల. మొగుడు పడవ మీద వెళ్ళి అయిదు రోజులైంది.

"రా అక్కా. నీళ్ళేవీ?" అంది.

నాగవల్లి కింద మెట్టు మీద కూచుని, అడక్కుండానే ఆ పిల్ల పాదం ఒళ్ళోకి తీసుకుంది. చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కి తీసింది. గుంట పడింది. మనసులో పది లెక్కపెట్టింది. గుంట అలాగే ఉంది.

"ఎప్పటినించి?"

"వారం. మా అత్త ఉప్పు తగ్గించమంటున్నాది. నేను ఎక్కువేటి తినడం నేదక్కా, ఒట్టు."

"తెలుసు," అంది నాగవల్లి. "నువ్వు తినడం నేదు. మా బావి ఉప్పైపోయినాది సెంద్రా. నిన్న యూనివర్సిటీ నించి ఒకమ్మాయి వచ్చి కొలిచినాది. ఇంక ఆ నీళ్ళు తాగకు. ఇయ్యాల షెడ్డుకి నేను వెళ్ళను, నువ్వు చీర మార్చుకో, క్లినిక్కు తెరిచేసరికి మనం అక్కడుండాల. మిస్సీ అడిగితే నీళ్ళ సంగతి నేను సెప్తాను. మీ అత్తకీ నేనే సెప్తాను. లైనంతా సెప్తాను."

చంద్ర చేతిలో దువ్వెన ఆగిపోయింది. రెండో చెయ్యి దానంతటదే పొట్ట మీదికి వెళ్ళింది. అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. "నీ బిడ్డ," అంది. "మరి నీ బిడ్డ కూడా..."

"అవును."

చంద్ర ముందుకి వంగి ఆమె చేయి పట్టుకుంది. తన కడుపు కోసం కాక ఆమె కోసం ఏడవడం మొదలుపెట్టింది. "ఎన్నెన్ని మాటలన్నారక్కా నిన్ను. మేమందరం కూడా నవ్వినాం. నువ్వు నాకు రోజూ అంత ఆపేక్షగా నీళ్ళు మోసుకొచ్చినావు, పాపం, నీకు మాత్రం ఏటి తెలుసు. నిన్ననే గదా తెలిసినాది."

ఆ మాట తలుపు తీసినట్టు ఎదురుగా తెరుచుకుంది. అందులోంచి నడిచి వెళ్ళిపోవచ్చు. ఔనంటే చాలు. కాగితం నిన్ననే చూసింది, అంకెలు నిన్ననే చూసింది, అబద్ధం కూడా కాదు. ఈ పిల్ల ఆమెను పట్టుకుని ఏడుస్తుంది. లైనంతా జాలిపడుతుంది. ఉప్పుచెయ్యి అన్నవాళ్ళందరూ వచ్చి ఆ చెయ్యే పట్టుకుంటారు. రెండేళ్ళుగా ఆమె కోరుకున్నది అదొక్కటే. కానీ ఏడాదిన్నరగా బిందె అడుగున తెల్లచార గీకి నాలుక మీద వేసుకున్నది ఎవరు? చంద్రకి మొట్టమొదటిసారి నీళ్ళు నింపిన పొద్దున, క్యాను మూత బిగించేముందు, అలవాటుకొద్దీ ఒక చుక్క రుచి చూసింది. జీలకర్ర కింద అది ఉంది. మూత బిగించింది. అత్తతో గొడవెందుకు అనుకుంది. వానలొస్తే తేరుకుంటుందని కూడా అనుకుందేమో. ఆ ఇంట్లో అందరూ అనుకున్నట్టే.

నాగవల్లి చంద్ర వేళ్ళ మధ్య నుంచి తన చేతిని వెనక్కి తీసుకుంది.

"నేదు సెంద్రా," అంది. "నాకు తెలుసు. నీకు మొదటిరోజు తెచ్చినప్పుడే తెలుసు."